ఐదు మార్కుల కాగితం

హాలియాలో ఒక ప్రైవేటు బడిలో కోమల టీచరు ఎనిమిది, తొమ్మిది తరగతులకు సోషల్ చెబుతుంది. పిల్లలు ఆమెకు వెనకాల పెట్టుకున్న పేరు 'జిరాక్స్ టీచర్'. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు, పడనట్టు ఉంటుంది అంతే. ప్రాజెక్టు పని ఇచ్చిన ప్రతిసారీ ఆమెది ఒకటే మాట. "ఇంట్లో పాత వస్తువు ఏదున్నా ఫోటో తీసుకొని రండి. కాగితమైతే జిరాక్సు. అసలుది తెచ్చిన వాళ్లకు సున్నా."

మొన్న ఒక పిల్ల ముచ్చటపడి వాళ్ల తాత పదో తరగతి మెమో పట్టుకొచ్చింది. టీచరు దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా స్కూటీ మీద వాళ్లింటికి వెళ్లి తాత చేతికి ఇచ్చింది. బడి నుంచి టీచరు ఇంటికి వచ్చిందంటే మనవరాలు ఏదో ఘనకార్యం చేసి ఉంటుందని ఆ తాత వణికిపోయాడు. "ఏం గాలేదు తాతా, లోపల పెట్టుకో," అని చెప్పి, ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చేసింది.

ఇంత భయం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. ఐదు మార్కులతో వచ్చింది.

అప్పుడు కోమల పదో తరగతి. రెండు వేల పదిహేడు. హాలియాకు పన్నెండు కిలోమీటర్ల అవతల వాళ్ల ఊరు. సాగర్ కాలువ ఆ ఊరి దాకా వచ్చి, అడ్డంగా గుట్ట కనిపించేసరికి మొహం తిప్పుకొని పోయింది. కాలువకు ఇవతల వాళ్లకు వరి, అవతల వాళ్లకు పత్తి. కోమల నాయిన భిక్షపతికి ఉన్న ఎకరన్నర అవతలిది. పత్తి ఏరే రోజుల్లో తల్లి కృష్ణమ్మ, నాయిన తల్లి అయిన అవ్వ సాలమ్మ తెల్లారేసరికి చేన్లో ఉండేవాళ్లు. కోమల బడికి పోయే దారిలో వాళ్లకు సద్ది ఇచ్చి పోయేది.

ఆ ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పే రామచంద్రం సారుకు ఒక జబ్బు ఉండేది. పిల్లలు నిజంగా ఏదైనా నేర్చుకోవాలని ఆయన కోరిక. ఏటా ప్రాజెక్టు అంటే పిల్లలు దుకాణంలో దొరికే బొమ్మల చార్టు కొని, కత్తిరించి, అంటించి, కింద గైడులో ఉన్నది ఎక్కించి ఇచ్చేవాళ్లు. నలభై పుస్తకాలు తెరిస్తే నలభై చార్మినార్లు. ఆ ఏడు ఆయనకు విసుగు పుట్టింది.

"బొమ్మలు అంటిస్తె చింపి పారేస్త," అన్నాడు క్లాసులో. "మీ ఇంట్ల పాతది ఏదన్న తెండి. జిరాక్సులు, ఫోటోలు వద్దు, అసలుదే గావాలె. దాని ముచ్చట మీ అవ్వనో తాతనో అడిగి రాయుండ్రి. వస్తువు సోషల్‌కు, ముచ్చట తెలుగుకు. దానికి ఐదు మార్కులు, దీనికి ఐదు."

తెలుగు మేడం వసంతలక్ష్మి వెంటనే ఒప్పుకుంది. రెండు సబ్జెక్టులకు ఒకటే పుస్తకమంటే దిద్దే పని సగం తగ్గుతుంది కదా.

వారం తిరిగేసరికి బడి పాత సామాన్ల దుకాణమైంది. ఎడ్ల మెడ గంటలు, చిల్లులు పడ్డ కంచు గిన్నెలు, కందిలి బుడ్లు. నిజాం నాణెమని ఒకడు ఇందిరాగాంధీ కాలపు ఇరవై పైసల బిళ్ల తెచ్చాడు. ఇంకొకడు అందరికంటే అసలైన వస్తువు తెస్తానని వాళ్ల తాత పెట్టుడు పళ్లు తెచ్చాడు. సారు ఆ డబ్బీ మూత తీసి, వెంటనే పెట్టేసి, "పొయ్యి ఇచ్చిరా నాయనా, పెద్దమనిషి ఆకలికి ఉంటడు," అన్నాడు.

కోమల ఇంట్లో పాతదంటే ఒకటే ఉంది. ఒక రేకు గొట్టం, అందులో చుట్ట చుట్టిన కాగితం. దాన్ని ఏడాదికి ఒక్కసారి, దసరా నాడు బయటికి తీసేవాళ్లు. కొడవలి, పార, గొర్రు, కొత్తగా కొన్న మందు కొట్టే పంపు అన్నీ వరుసగా గోడకు ఆనించి, వాటి నడుమ ఈ కాగితం పరిచి, పసుపు కుంకుమ పెట్టి మొక్కేవాళ్లు. అరవై దసరాల కుంకుమ మీద పడి, కాగితం ఒక పక్కంతా ఎర్రబారింది. దాని మీద ఉన్నది ఉర్దూ. ఇంట్లో ఒక్కరికీ రాదు. అయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు. దేవుడికి ఏ భాషైనా వస్తుంది.

"అవ్వా, గిది మా సార్‌కు చూపిచ్చి తెస్తనే," అంది కోమల ఆ దసరా మర్నాడు.

"సార్‌కెందుకే? ఆయనకు ఉర్దూ అస్తదా?"

"రాదు. చూస్తడు."

"ఊకె సూసుటానికి మేం లేమా?" అని నవ్వింది సాలమ్మ. కానీ మనవరాలు చదువు కోసం అడిగిందనేసరికి ముసలమ్మకు లోపల ఎక్కడో సంతోషమైంది. గొట్టం మూత తీసింది. "మీ ముత్తాత ముత్తయ్య తెచ్చిన పొలం కాయిదం. దొర కచ్చేరి ముంగట మూడు నెల్లు తిరిగిండంట. కొడుకు తాగుతడని వాని చేతుల పెట్టలే. కోడలినని నాకిచ్చిండు. జర పైలం బిడ్డా, వాన మొగులున్నది. తడవకుండ తే."

తెస్తానంది కోమల. నిజంగానే అనుకుంది.

అంటించే పని మానస ఇంట్లో పెట్టుకున్నారు. మానస కోమలకు బెంచీ దోస్తు. వాళ్లది నేత కుటుంబం. మగ్గం ఉన్నన్నాళ్లు ఉండి, తండ్రి శ్రవణ్‌కుమార్ హాలియాలో బట్టల దుకాణంలో పనికి కుదిరాక, మగ్గం కట్టెలు ఒక్కొక్కటే పొయ్యిలోకి పోయాయి. మగ్గం గుంతలో ఇప్పుడు కోళ్లు పడుకుంటున్నాయి.

"మా ఇంట్ల ఏం లేదే," అని ఏడుపు మొహం పెట్టింది మానస. "కోడిని అంటియ్యాల్నా పుస్తకంల?"

కోమల కాగితం పరిచింది. అది ప్రాజెక్టు షీటు కంటే రెండింతలు ఉంది. ఎటు మడిచినా పట్టడం లేదు. మడత పెట్టిన చోట పెళుసుగా చిట్లుతోంది. ఇద్దరూ దాని చుట్టూ కూర్చొని కాసేపు చూశారు.

"నీది ఎట్లన్న షీట్ల పట్టది గద," అంది మానస మెల్లగా. "సగం నాకియ్యవే."

ఇప్పుడు చదివేవాళ్లకు గుండె జారుతుంది గాని, ఆ మధ్యాహ్నం పదిహేనేళ్ల పిల్లకు అందులో తప్పేమీ కనిపించలేదు. షీటు సమస్య తీరుతుంది, దోస్తుకు ఐదు మార్కులు వస్తాయి. మానస తల్లి జాకెట్లు కుట్టేది. అంచులు పళ్లు పళ్లుగా తెగే ఆమె కత్తెర అక్కడే ఉంది. కోమల చాలా జాగ్రత్తగా కోసింది. ఒక్క అక్షరం తెగకుండా, రెండు వరుసల మధ్య నుంచి, ఊపిరి బిగబట్టి కోసింది. పైసగం తనది. గుండ్రటి ముద్ర, సంతకాలు ఉన్న కిందిసగం మానసది. వెనక వైపు కూడా చిన్న అక్షరాలతో ఏదో ఉంది. వెనక ఎవరు చూస్తారు? ఫెవికాల్ దండిగా రాసి అంటించారు. చుట్టూ మెరుపుల పెన్నుతో తీగలు గీశారు.

కోమల తన ముచ్చట ఉన్నదున్నట్టు రాసింది. "ఈ కాగితం వల్లనే మా ముత్తాతకు భూమి వచ్చినది" అన్నది మొదటి వాక్యం. ఆ కాగితం ఏమిటో ఆమెకు తెలుసు. దాని పని ఎప్పుడో అయిపోయిందనుకుంది, అంతే. చరిత్ర పాఠమంటే అయిపోయిన సంగతులని కదా పుస్తకం చెప్పింది.

మానసకు రాసేందుకు ముచ్చట లేదు కాబట్టి కల్పించింది. తమ పూర్వీకులు నేసిన చీర నిజాం ప్రభువు బేగం గారికి నచ్చి, ఆయన స్వహస్తాలతో ఇచ్చిన మెప్పు పత్రమట. బేగం చీర ఎందుకు కడుతుందని ఎవరూ అడగలేదు. వసంతలక్ష్మి మేడం చదివి కళ్లు తుడుచుకుంది. మానసకు తెలుగులో ఐదుకు ఐదు. కోమలకు చేతిరాత బాగాలేదని నాలుగు. పైగా మానస పుస్తకం మండల కేంద్రంలో పెట్టే ప్రదర్శనకు ఎంపికైంది. కోమల రెండు రోజులు దోస్తుతో మాట్లాడలేదు.

"కాయిదం ఏదే?" అని సాలమ్మ అడిగినప్పుడల్లా, "సార్ దగ్గరున్నదవ్వా, బీరువల పెట్టిండు," అనేది. అది అబద్ధం కాదు, సగం నిజం.

డిసెంబరులో భూముల లెక్కలు సరిచేస్తున్నారని ఊరూరా సభలు పెట్టారు. వాళ్ల ఊళ్లో పంచాయతీ ముందు టెంటు వేసి, వీఆర్వో ఒక్కొక్క నంబరే చదివాడు. భిక్షపతి దున్నుతున్న నంబరు దగ్గర చదివిన పేరు భిక్షపతిది కాదు, వాళ్ల తండ్రిదీ కాదు. పాత దొర మనవడిది. ఆయనను ఆ ఊళ్లో ముప్పై ఏళ్లలోపు వాళ్లు చూడనే లేదు.

"సారూ, దున్నేది మేము," అన్నాడు భిక్షపతి లేచి.

"దున్నుడు ఎవలన్న దున్నొచ్చు. సాగు చేసేటోని పేరు రాసే గడి కొత్త పహానీ లెక్కలల్ల తీసేసిండ్రు. నీ పేరు మీద ఏదన్న కాయితం ఉన్నదా?"

"ఉన్నది సారూ. మా తాతది. ఉర్దూల ఉన్నది."

వీఆర్వో కలం ఆపాడు. "ఉర్దూలనా? ముద్ర ఉన్నదా? ఉంటే పట్టుకరా, మస్తు బలం అది. గసొంటి కాయితాలు ఒకలిద్దరి కాడనే ఉన్నయ్."

భిక్షపతి ఇంటికి నవ్వుతూ వచ్చాడు. ఆ నవ్వే కోమలకు ఈనాటికీ కంటి ముందు ఉంటుంది. తిట్టుకుంటూ వచ్చినా బాగుండేది. దారిలో కనపడ్డ వాళ్లకల్లా చెప్పుకుంటూ వచ్చాడు, మా తాత ముందుచూపు చూడుండ్రి అని. వచ్చీ రాగానే కాళ్లు కడుక్కొని, దేవుడి గూట్లో నుంచి రేకు గొట్టం తీసి, మూత తిప్పి, లోపలికి చూసి, తల కిందులు చేసి తట్టాడు.

కోమల చెప్పింది. మొత్తం చెప్పింది, కత్తెరతో సహా. చెప్తున్నంత సేపూ భిక్షపతి ఆ గొట్టం మూత పెట్టడం, తీయడం చేస్తున్నాడు.

"నడిమికి కోసినవా?" అన్నాడు చివరికి.

"ఊఁ."

"అచ్చరాలు తెగినయా?"

"తెగలే నాయినా."

"అయితె మంచిదే," అన్నాడు. "రెండు ముక్కలు పక్కపక్కన పెడితె కాయిదమే గద." కూతురిని ధైర్యపరచడానికి అన్నాడో, తనకు తాను చెప్పుకున్నాడో.

"దాన్నేం అనకు," అంది సాలమ్మ గడపలో నుంచి. "ఇచ్చింది నేను."

కోమల పుస్తకం సారు బీరువాలోనే దొరికింది. ఫెవికాల్ ఊడదీయబోతే ముక్కలైతదని షీటుతో సహా ఉంచారు. మానస పుస్తకం కోసం రామచంద్రం సారు భిక్షపతిని బండి మీద ఎక్కించుకొని మండల కేంద్రానికి పోయాడు. ప్రదర్శన జరిగిన గదిలో బల్లలు కూడా లేవు.

"ఆ పుస్తకాల సంచులా?" అన్నాడు అక్కడి అటెండరు. "ఎవ్వరు రాకపోతిరి. పోయిన వారం గది కడిగినం. పాత కాయితాలాయన తూకమేసుకొని పోయిండు."

పాత కాగితాలాయన హాలియాలో ఉన్నాడు. ఆయన మంచివాడు, తన కొట్టంలో ఉన్న గుట్టలన్నీ వెతుక్కోమన్నాడు. సారు ప్యాంటు మడిచి, భిక్షపతి తలకు రుమాలు కట్టి ఒక రోజంతా వెతికారు. వేరే బళ్ల చార్మినార్లు చాలా దొరికాయి. మానసది దొరకలేదు. ఆ వారం లోడు శుక్రవారమే హైదరాబాదు పోయిందట, నానబెట్టి అట్టలు చేస్తారట.

తిరిగి వచ్చేటప్పుడు సారు బండి ఆపి, రోడ్డు పక్కన నిలబడి, "అసలుదే తేవాలన్నది నేనే భిక్షపతీ," అన్నాడు. భిక్షపతి కూడా బండి దిగాడు. "మీరు పిలగాండ్ల మంచికే అన్నరు గద సారూ," అన్నాడు. సారుకు అది ఇంకా బరువైంది.

మిగిలిన సగం పట్టుకొని తండ్రీ కూతుళ్లు మిర్యాలగూడలో ఒక రిటైరైన ఉర్దూ పంతులు దగ్గరికి వెళ్లారు. ఆ పెద్దాయన అద్దాలు తుడిచి, వెలుతురుకు పెట్టి, వేలితో కుడి నుంచి ఎడమకు చదువుకుంటూ పోయాడు. ఊరి పేరు వచ్చింది. ముత్తయ్య వల్ద్ రామయ్య, అంటే రామయ్య కొడుకు ముత్తయ్య, అని చదివాడు. అరవై ఏళ్లలో ఆ ఇంటి మనిషి తమ కాగితం చదవగా వినడం అదే మొదటిసారి. భిక్షపతి చేతులు కట్టుకున్నాడు.

"కౌలుకు దున్నెటోనికి హక్కు ఇస్తున్నట్టు రాసిండ్రు," అన్నాడు పెద్దాయన. "సర్వే నంబర్ కింద చెప్పిన ప్రకారం..." అక్కడ వేలు ఆగింది. పళ్లు పళ్లుగా ఉన్న అంచు మీద మెల్లగా తడిమాడు. "కింద ఏది? దీనికి దర్జీ కత్తెర ఎవలు పెట్టిండ్రు?"

"నేనే సాబ్," అంది కోమల.

ఆయన ఆమె బడి సంచీ చూశాడు, ఆమెను చూశాడు. చాయ్ తెప్పించాడు.

నంబరు లేదు, ముద్ర లేదు, సంతకం లేదు. ఆఫీసులో చూసినవాళ్లంతా జాలిపడ్డారు. ఒకాయన, "మెరుపులు బాగ పెట్టినవమ్మా," అని కూడా అన్నాడు, పాపం, హాస్యం చేసి నవ్విద్దామని. పాత రిజిస్టర్ల కోసం అర్జీ పెడితే, ఆ ఏటిది చెదలు తిన్నాయని రాసిచ్చారు. భూమిని తగాదా జాబితాలో వేశారు. ఊరందరికీ కొత్త పాసుపుస్తకాలు పంచిన నాడు భిక్షపతి కూడా టెంటు కింద కూర్చున్నాడు, పిలుస్తారేమోనని. అందరివీ అయిపోయి కుర్చీలు మడుస్తుంటే లేచి, కుర్చీలు మడిచే వాళ్లకు సాయం చేసి వచ్చాడు. ఏడాదిన్నర తరువాత పాసుపుస్తకం దొర మనవడి పేరు మీద వచ్చింది.

పదో తరగతి ఫలితాల్లో కోమలకు సోషల్‌లో పదికి పది పాయింట్లు వచ్చాయి. బడి గోడ మీద పేరు రాశారు. ఆ పక్క నుంచి పోకుండా ఆమె సందు తిరిగి పోయేది. ఇంట్లో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఒకసారి మాత్రం గిన్నెలు తోముతూ గాజు గ్లాసు పగలగొడితే, కృష్ణమ్మ అలవాటుగా నోరు జారింది. "కోసుడు, పలగొట్టుడు నీకు కొత్తనా?" అన్నాక ఆమే కొంగు నోట్లో కుక్కుకొని బయటికి పోయింది. మానస ఆ ఇంటికి రావడం మానేసింది. బస్సులో కనిపిస్తే ఇద్దరూ సీట్లు చూసుకునేవాళ్లు. హాలియాలో ఇంటరు, తరువాత డిగ్రీ, తరువాత ఆ ప్రైవేటు బడి. చరిత్రే ఎందుకు తీసుకున్నావని అడిగితే కోమల చెప్పదు.

రెండు వేల ఇరవై నాలుగు వేసవిలో దొర మనవడు ఆ భూమిని హైదరాబాదు ఆయనకెవరికో అమ్మాడు. కొన్నాయన రాలేదు. ట్రాక్టర్ల నిండా రాతి కడీలు, ముళ్ల తీగ చుట్టలు, ఒక మేస్త్రీ వచ్చారు. గుంతలు తీయడానికి ఊళ్లో కూలీలను పిలిస్తే భిక్షపతి గడ్డపార పట్టుకొని పోయాడు. "నీకు సిగ్గులేదారా?" అని సాలమ్మ అడిగితే, "ఎవలో తవ్వుతరు గదనే. నేనైతె ఆ యాపచెట్టు ఏర్లు తెగకుండ తవ్వుత," అన్నాడు.

బడికి సెలవులు. అన్నం గిన్నె పట్టుకొని కోమల, ఆమె చెయ్యి పట్టుకొని సాలమ్మ వెళ్లేసరికి పని ఆగి ఉంది. మేస్త్రీ చేతిలో ముగ్గుపిండి డబ్బా, ఇంకో చేతిలో నక్ష కాగితం. హద్దు రాళ్లు కనపడటం లేదు, సర్వేయరు ఫోను ఎత్తడం లేదు.

"హద్దు ఏడిదాక ఉంటది?" అని కూలీలను అడుగుతున్నాడు.

అందరూ భిక్షపతిని చూశారు. పక్క చేను వీరేశం మెల్లగా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "బావా, రెండు గజాలు లోపటికి సూపియ్. వానికేం ఎరుక? ఆడ మనిద్దరం కంది ఏసుకుందాం. సగం నీకు," అన్నాడు.

భిక్షపతి చెప్పులు విడిచాడు. గడ్డపార అక్కడే గుచ్చి, తూర్పు మూలకు పోయి, మట్టిని కాలితో రెండుసార్లు నొక్కి చూసి, "గీడ," అన్నాడు. అక్కడి నుంచి తలెత్తకుండా, నాగలి వెంట నడిచినట్టు, అడుగు అటూ ఇటూ కాకుండా నడిచాడు. మేస్త్రీ వెనకాలే ముగ్గు పోసుకుంటూ వచ్చాడు. వీరేశం నెత్తి కొట్టుకున్నాడు.

సాలమ్మకు కోపం ఆగలేదు. "ఏందిరా గంత కచ్చితం? నీ అత్తగారు పెట్టిపోయిన సొమ్మా అది, వానికి అప్పజెప్పనీకె?"

భిక్షపతి ఆగాడు, తిరగలేదు. "తక్కువ సూపిస్తె మన పొలం తక్కువైతది గదనే అవ్వా," అన్నాడు.

మేస్త్రీకి టేపు రెండో కొస పట్టుకునే మనిషి కావాల్సి వచ్చింది. కోమల అన్నం గిన్నె అవ్వ చేతికిచ్చి, పోయి పట్టుకుంది. ఆ మూల నుంచి ఈ మూలకు ఎంత వచ్చిందో మేస్త్రీ గట్టిగా చదివాడు. భిక్షపతి తల ఊపాడు, సరిగ్గానే ఉందన్నట్టు.